కట్టు విప్పిన తరువాత



ఆవర్‌పూర్ పేరు చెప్పగానే ఎవరికైనా మొదట గుర్తుకు వచ్చేది సిమెంటు. 1980లలో లార్సెన్ అండ్ టూబ్రో సంస్థ ఇక్కడ కర్మాగారం పెట్టింది. ఆ తరువాత దాని పేరు మారింది, చేతులు మారాయి గానీ ఊరి బతుకు మాత్రం ఆ సున్నపురాయి చుట్టూనే తిరుగుతోంది. ఈ ప్రాంతంలో తెలుగు వినిపించడం కొత్త సంగతీ కాదు, వింతా కాదు. పక్కనున్న రాజురా తాలూకా 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది కదా! అందుకే సాయంత్రం పూట ఇక్కడి మైదానంలో ఆడే పిల్లలు ఒక కూత తెలుగులో మొదలుపెట్టి, పట్టుబడ్డాక దెబ్బలాట మరాఠీలో సాగించినా మనకేమీ వింతగా తోచదు.

ఆ మైదానంలోని ఒక కుర్రవాణ్ణి మనం ఊహించుకుందాం. అతనికి పేరు అక్కరలేదు. అలాంటివాడు మీ వాడలోనూ ఒకడు ఉండే ఉంటాడు. వయస్సు ఇరవై ఒకటి. కబడ్డీలో మంచి ఆటగాడు. కూతకు వెళ్ళాడంటే ఖాళీ చేతులతో తిరిగి రాడని పేరు. తెల్లవారుజామున లేచి పరుగు తీస్తాడు, ఎందుకంటే పోలీసు ఉద్యోగం మీద ఆశ. ఇటు మహారాష్ట్ర భర్తీలోనైనా, అటు తెలంగాణ కానిస్టేబుల్ ఎంపికలోనైనా మగపిల్లలు 1600 మీటర్లు పరుగెత్తి చూపించాలి. ఒకరోజు మధ్యగీత దగ్గర నలుగురు మీద పడ్డారు. పాదం నేలకు అంటుకుపోయింది, ఒళ్ళు తిరిగింది, మోకాలిలో టప్‌మని చప్పుడు వినిపించింది. లిగమెంట్ తెగింది. శస్త్రచికిత్స అయింది. కొన్ని నెలలకు కట్టు విప్పారు, కర్ర పక్కన పెట్టించారు. డాక్టరుగారు చూసి, "బాగానే కుదిరింది, నెమ్మదిగా ఆడవచ్చు" అన్నారు.

అయినా ఆ కుర్రవాడు మైదానానికి వెళ్ళడం లేదు. వెళ్ళినా గట్టు మీద కూర్చుని చూసి వచ్చేస్తున్నాడు. ఇంట్లో అడిగితే విసుక్కుంటున్నాడు. తల్లి "వీడికి ఏమయిందో" అని కుమిలిపోతోంది. తండ్రి "సోమరితనం పట్టుకుంది" అంటున్నాడు. స్నేహితులు "భయపడ్డాడురా" అని నవ్వుతున్నారు.

శ్రోతలారా! ఈ ముగ్గురిలో ఎవరి మాట నిజం? ఈ ప్రసంగంలో మనం విచారించబోయేది ఆ సంగతే. మోకాలికి కట్టు కట్టారు, సరే. మనసుకు తగిలిన దెబ్బకు కట్టు కట్టింది ఎవరు?

ఆటగాడికి గాయమైనప్పుడు పోయేది కాలి బలం ఒక్కటే కాదు. ఉదయం లేవడానికి ఒక కారణం పోతుంది. సాయంత్రం కలిసే పదిమంది దూరమవుతారు. "ఫలానా వాడు, గట్టి ఆటగాడు" అనే గుర్తింపు పోతుంది. మనిషి తనను తాను ఎంతగా ఆటతో ముడివేసుకుంటే గాయం అతన్ని అంతగా కుంగదీయగలదని మనస్తత్వ శాస్త్రవేత్తలు చెబుతున్నారు. రైతుకు పొలం పోయినట్టు, పాటగాడికి గొంతు పోయినట్టు. నిద్ర పట్టకపోవడం, చీటికీ మాటికీ కోపం రావడం, ఆటమాట ఎత్తితే ముఖం తిప్పుకోవడం, తన స్థానంలో ఆడుతున్నవాణ్ణి చూసి లోలోపల మండిపోవడం, వెంటనే అలా మండిపడ్డందుకు సిగ్గుపడటం, ఇవన్నీ గాయం తరువాత సహజంగా వచ్చేవే. ఇవి ఒక వరుసలో రావు. ఇవాళ ఉత్సాహం, రేపు నిరాశ, ఎల్లుండి మళ్ళీ ఆశ. అలా ఊగిసలాడటం పిరికితనం కాదు, చెడిపోవడమూ కాదు.

మరి భయం సంగతి? దానికీ లెక్కలున్నాయి. మోకాలి ముందు లిగమెంట్‌కు శస్త్రచికిత్స చేయించుకున్నవారి గురించి వివిధ దేశాలలో జరిగిన 69 అధ్యయనాలను క్లేర్ ఆర్డర్న్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు ఒకచోట చేర్చి పరిశీలించి, 2014లో ఫలితాలు ప్రకటించారు. అందులో తేలినది ఏమిటంటే, నూటికి 81 మంది ఏదో ఒక ఆటకు తిరిగి వచ్చారు. పాత స్థాయికి చేరినవారు నూటికి 65 మంది. పోటీలలో మళ్ళీ దిగినవారు 55 మంది మాత్రమే. మోకాలి పనితీరు బాగుండటంతోపాటు, మానసికంగా సిద్ధంగా ఉండటం కూడా తిరిగి రావడానికి తోడ్పడుతుందని ఆ పరిశోధకులు గుర్తించారు. అంటే మోకాలు కుదిరినంత మాత్రాన ఆటగాడు కుదిరినట్టు కాదన్నమాట.

భయం ఆటను ఎలా చెడగొడుతుందో ఒకసారి చూడండి. కూతకు వెళ్ళినవాడి కళ్ళు ఎదుటివాడి చేతుల మీద, పాదాల మీద ఉండాలి. మన కుర్రవాడి ధ్యాసలో సగం తన మోకాలి మీదే ఉంటుంది. భయంతో కండరాలు బిగుసుకుంటాయి. బిగుసుకున్న కాలు వేగంగా మలగదు. బరువంతా మంచికాలి మీద వేస్తాడు, దానితో ఆ కాలు అలసిపోతుంది. అడుగు వేయాలా వద్దా అని తటపటాయించిన ఆ ఒక్క క్షణంలోనే పట్టు పడిపోతుంది. ఓడిపోయాడు కనుక భయం పెరుగుతుంది, భయం పెరిగింది కనుక మళ్ళీ ఓడతాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

ఇక మనకు బాగా తెలిసిన మనుషుల కథల్లోకి వద్దాం.

పుల్లెల గోపీచంద్ పేరు వినని తెలుగువారు ఉండరు. ప్రకాశం జిల్లా నాగండ్లలో 1973లో పుట్టి, హైదరాబాదులో పెరిగిన ఆటగాడు. 1994లో ఇదే మహారాష్ట్రలో, పుణెలో జాతీయ క్రీడలు జరుగుతుండగా ఆయన మోకాలు తీవ్రంగా దెబ్బతింది. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఏళ్ళు, దాదాపు మన కుర్రవాడి వయస్సే. ఒక శస్త్రచికిత్సతో అది పోలేదు, మళ్ళీ మళ్ళీ చేయించుకోవలసి వచ్చింది. ఎగిరి షటిల్‌ను కొట్టాలి, ఒంటికాలి మీద దిగాలి. బ్యాడ్మింటన్‌లో మోకాలి మీద అంత భారం పడుతుంది. ఆయన ఆట ఇక ముగిసినట్టేనని ఎవరైనా అనుకుని ఉంటే తప్పుపట్టలేం. అయితే 1996 నుంచి 2000 వరకు వరుసగా అయిదుసార్లు జాతీయ విజేత ఆయనే. 1998లో కౌలాలంపూర్ కామన్వెల్త్ క్రీడలలో పతకాలు గెలిచారు. 2001 మార్చిలో బర్మింగ్‌హామ్‌లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను ఓడించి ఆల్ ఇంగ్లండ్ విజేత అయ్యారు. అంతకు ముందు ఆ ఘనత సాధించిన భారతీయుడు ప్రకాశ్ పడుకోణె ఒక్కరే, అదీ 1980లో.

ఈ కథలో మనం సాధారణంగా మొదటి దృశ్యం, చివరి దృశ్యం మాత్రమే చూస్తాం. పుణెలో పడిపోవడం, బర్మింగ్‌హామ్‌లో గెలవడం. ఆ రెండింటి మధ్య ఏడేళ్ళున్నాయి శ్రోతలారా! ఆ ఏడేళ్ళలో చప్పట్లు లేని రోజులు ఎన్నో ఉండే ఉంటాయి. కాలు వంచడం, చాచడం, మళ్ళీ వంచడం. గాయపడ్డవాడి పని అసలు ఆ రోజులలోనే జరుగుతుంది.

కబడ్డీలో కూడా ఒక ఉదాహరణ చెబుతాను. పవన్ సెహ్రావత్ 2022 ప్రో కబడ్డీ వేలంలో రెండు కోట్ల 26 లక్షలు పలికాడు. తమిళ్ తలైవాస్ జట్టు కొనుక్కుంది. అక్టోబరులో మొదటి ఆటలోనే మోకాలు దెబ్బతిని ఆ సీజనంతా బయట కూర్చున్నాడు. అంత డబ్బు పలికినవాడు ఒక్క ఆటతో ఆగిపోతే మనసు ఎలా ఉంటుందో ఆలోచించండి. ఏడాది తిరిగాక, 2023 అక్టోబరులో, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో భారత జట్టుకు నాయకుడు అతనే. ఇరాన్‌ను ఓడించి బంగారు పతకం తెచ్చారు. ఆ నెలలోనే మన తెలుగు టైటాన్స్ అతన్ని రెండు కోట్ల 60 లక్షలకు పైగా ఇచ్చి తీసుకుంది.

అయితే ప్రతి కథా ఇంత సూటిగా నడవదు. పి.వి. సింధు సంగతి చూడండి. 2022 ఆగస్టులో కామన్వెల్త్ క్రీడలలో కాలి నొప్పితోనే ఆడి బంగారు పతకం గెలిచింది. తరువాత చూస్తే ఎడమ చీలమండలో ఎముక చిట్లింది. అయిదు నెలలు ఆటకు దూరమై 2023 జనవరిలో తిరిగి వచ్చింది. కానీ వచ్చీ రాగానే గెలవలేదు. 2023 అంతా ఒక్క టైటిలూ రాలేదు. చివరకు లక్నోలో సయ్యద్ మోదీ టోర్నీ గెలిచేసరికి 2024 డిసెంబరు వచ్చింది. ఎముక అతకడానికి నెలలు పడితే, పాత ఆట చేతికి రావడానికి రెండేళ్ళు పట్టింది. రెండు ఒలింపిక్ పతకాలున్న మనిషికే అంతకాలం పట్టినప్పుడు, మన పిల్లవాడు రెండు నెలలలో పాతవాడు కాలేదని నిష్టూరమాడటం న్యాయమేనా?

మరొక మాట. 2021 జనవరిలో సిడ్నీ టెస్టులో మన కాకినాడ హనుమ విహారి తొడ కండరం దెబ్బతిన్నా గంటల తరబడి నిలిచి 161 బంతులాడి జట్టును ఓటమి నుంచి కాపాడాడు. 2023 రంజీ క్వార్టర్ ఫైనల్లో మణికట్టు విరిగితే కుడిచేతివాటం ఆటగాడు ఎడమచేతివాటంగా బ్యాటు పట్టుకుని దిగాడు. మనమంతా మెచ్చుకున్నాం, మెచ్చుకోవలసినదే. కానీ ఆ కథను మన పిల్లలకు చెప్పేటప్పుడు రెండో సగం కూడా చెప్పాలి. వారి వెనుక వైద్యులున్నారు, ఫిజియోలున్నారు. ఏ నొప్పితో ఆడవచ్చో, ఏ నొప్పితో ఆడకూడదో చెప్పేవారున్నారు. భర్తీ పరుగు దగ్గరపడిందని, వయోపరిమితి దాటిపోతోందని, గాయాన్ని దాచిపెట్టి నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తే మన ఊరి కుర్రవాడి వెనుక ఎవరున్నారు? నొప్పిని ఓర్చుకోవడం వేరు, గాయాన్ని దాచడం వేరు. మొదటిది ధైర్యం కావచ్చు. రెండోది మాత్రం భయానికి మరో పేరు.

సరే, ఇప్పుడు చేయవలసినదేమిటో చూద్దాం.

మొదటిది, గాయం గురించి సరిగా తెలుసుకోవడం. ఏది తెగింది, ఏది కుదిరింది, ఏ నెలలో ఏం చేయవచ్చు అని డాక్టరును అడగండి. అడగటానికి మొహమాటపడకండి. చీకటిలో తాడు కూడా పామై కనిపిస్తుంది. వ్యాయామం చేసేటప్పుడు కాస్త లాగడం మామూలే. వాపు రావడం, కాలు తూలడం, నొప్పి రాత్రంతా ఉండటం మామూలు కాదు. ఈ తేడా తెలిసినవాడికి సగం భయం పోతుంది.

రెండోది, తొందరపడకపోవడం. మోకాలి లిగమెంట్ శస్త్రచికిత్స తరువాత తొమ్మిది నెలల లోపే మలుపులు తిరిగే ఆటలకు దిగినవారికి మళ్ళీ గాయమయ్యే ప్రమాదం ఎక్కువని 2016లో వెలువడిన నార్వే, అమెరికా పరిశోధన చెప్పింది. కనుక "ఆరు నెలలయింది కదా" అని నెలలు లెక్కపెట్టి దింపవద్దు. రెండు కాళ్ళ బలమూ దాదాపు సమానమైందో లేదో పరీక్షించి దింపండి.

మూడోది, చిన్న చిన్న లక్ష్యాలు. "మళ్ళీ జిల్లా జట్టులో ఆడాలి" అన్నది కొండంత లక్ష్యం. మంచం మీదున్నవాడికి అది కనిపించేకొద్దీ నీరసమే వస్తుంది. ఒక నోటుపుస్తకం తీసుకోండి. ఇవాళ మోకాలు ఎంత వంగింది, ఎన్నిసార్లు కాలెత్తాను, ఎంతదూరం నడిచాను అని రాసుకోండి. నెల తరువాత వెనక్కి తిప్పి చూసుకుంటే, ఎవరూ చెప్పనక్కరలేకుండా ఆ పేజీలే ధైర్యం చెబుతాయి.

నాలుగోది, మనసులో ఆడటం. ఇది మంత్రమో తంత్రమో కాదు. కళ్ళు మూసుకుని, ఊపిరి నెమ్మదిగా పీల్చి వదులుతూ, మైదానం, మధ్యగీత, ఎదుటి జట్టు, తన అడుగులు ఒక్కొక్కటిగా ఊహించుకోవడం. కాలు గట్టిగా నేలమీద ఆనుతున్నట్టు, తేలిగ్గా మలుగుతున్నట్టు చూసుకోవడం. ఇలాంటి ఊహాసాధనను, ఒళ్ళు వదులు చేసుకోవడాన్ని లిగమెంట్ శస్త్రచికిత్స అయిన 30 మందితో పరీక్షించి 2001లో అమెరికాలో ఒక అధ్యయనం ప్రచురించారు. పది విడతలు ఇది సాధన చేసినవారిలో నొప్పి, మళ్ళీ దెబ్బ తగులుతుందన్న ఆందోళన తగ్గాయి, మోకాలి బలం పెరిగింది. అది చిన్న అధ్యయనమే. కానీ ఈ సాధనకు ఖర్చు లేదు, యంత్రం అక్కరలేదు. వ్యాయామం మానేసి కాదు, వ్యాయామంతోపాటు చేయాలి.

అయిదోది, భయాన్ని మెట్లు మెట్లుగా ఎక్కడం. ముందు ఒంటరిగా పరుగు. తరువాత మలుపులు. తరువాత ఒక్క స్నేహితుడితో నెమ్మదిగా కూత. తరువాత ఇద్దరు పట్టేవాళ్ళు. ఆపైన జట్టుతో సాధన. చివరికి పోటీ. ఒక మెట్టు మీద మనసు కుదుటపడ్డాకే పై మెట్టు. ఎక్కడ దెబ్బ తగిలిందో ఆ చోటికి, ఆ మధ్యగీత దగ్గరకు, ముందుగా ఊరికే నడిచి వెళ్ళి నిలబడి రావడం కూడా ఒక మెట్టే.

ఆరోది అన్నిటికంటే ముఖ్యమైనది. గాయపడ్డవాణ్ణి మైదానం నుంచి వెలివేయకండి. ఆడలేకపోతే స్కోరు రాయమనండి. చిన్నపిల్లలకు నేర్పమనండి. ఎదుటి జట్టు ఆట గమనించి చెప్పమనండి. జట్టుతో ముడి తెగకపోతే మనసు తేలికపడుతుంది.

ఇంటి పెద్దలకు, వ్యాయామోపాధ్యాయులకు ఒక విన్నపం. మీరనే మాట మందుగానూ పనిచేస్తుంది, పుండు మీద కారంగానూ పనిచేస్తుంది. "ఆటలాడితే ఇంతే, అప్పుడే చెప్పాను" అన్న మాట నిజమే కావచ్చు, కానీ ఆ సమయంలో దానివల్ల ఒరిగేదేమీ లేదు. "ఎప్పుడు ఆడతావురా" అని రోజూ అడగటం కూడా ఒత్తిడే. "ఇవాళ కాలు ఎంత వంగింది?" అని అడిగి చూడండి. ఆ ప్రశ్నలో ప్రేమా ఉంది, పనీ ఉంది.

ఆడపిల్లల విషయంలో మరికొంత జాగ్రత్త అవసరం. మగపిల్లవాడికి గాయమైతే "తగ్గాక ఆడతాడులే" అంటాం. ఆడపిల్లకు గాయమైతే "ఇక చాలమ్మా, పెళ్ళి కావలసిన పిల్లవు" అని ఆటే మాన్పించేస్తాం. గాయం తగ్గినా ఆ అమ్మాయి మైదానానికి తిరిగి రాకపోవడానికి కారణం మోకాలు కాదు, మనమే. సైనా నెహ్వాల్‌కు 2016 రియో ఒలింపిక్స్ తరువాత మోకాలికి శస్త్రచికిత్స జరిగింది. 2017 జనవరిలోనే మలేషియాలో టోర్నీ గెలిచింది. 2018 కామన్వెల్త్ క్రీడలలో బంగారు పతకం తెచ్చింది. "ఇక చాలమ్మా" అని అందరూ అని ఉంటే, ఆ పతకం ఎక్కడి నుంచి వచ్చేది?

కొన్ని గుర్తులను మాత్రం తేలికగా తీసుకోకండి. రెండు వారాలు దాటినా తిండి, నిద్ర సరిగా లేకపోవడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం, మద్యం అలవాటు కావడం, "నేను ఉండి ఎందుకు" అనే మాట నోట రావడం. ఇవి కనిపిస్తే బుజ్జగింపుతో సరిపెట్టకుండా వైద్యుణ్ణి సంప్రదించాలి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం టెలీ మానస్ సేవ ప్రారంభించింది. 14416 నంబరుకు ఏ సమయంలో ఫోను చేసినా ఖర్చు లేకుండా మాట్లాడవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఆ ఫోను చేయడం పిచ్చికి గుర్తు కాదు. కాలు విరిగితే డాక్టరు దగ్గరకు వెళ్ళినట్టే ఇదీనూ.

చివరిగా, ఒక నిజం దాచకుండా చెప్పాలి. ఎంత చేసినా కొందరు పాత ఆటకు తిరిగి రాలేరు. ఇందాక చెప్పిన లెక్కలో నూటికి 45 మంది పోటీలలో మళ్ళీ దిగలేదు. వారంతా ఓడిపోయినవారా? కాదు. ఆట ముగిశాక గోపీచంద్ 2008లో గచ్చిబౌలిలో అకాడమీ తెరిచారు. సైనా, సింధు తమ మొదటి ఒలింపిక్ పతకాలు ఆయన శిక్షణలోనే అందుకున్నారు. ఆటను ప్రేమించినవాడికి మైదానంలో ఆటగాడి స్థానం ఒక్కటే కాదు, ఈల పట్టుకున్నవాడి స్థానం ఉంది, నేర్పేవాడి స్థానం ఉంది. మన కుర్రవాడు తిరిగి కూతకు వెళితే సంతోషం. వెళ్ళలేకపోయినా, పరుగు పరీక్ష దాటలేకపోయినా, అతని విలువ ఒక మోకాలిలో లేదని అతనికి చెప్పగలిగేవాళ్ళు ఇంట్లో ఒకరైనా ఉండాలి.

రేపు సాయంత్రం మైదానం వైపు వెళితే, గట్టు మీద ఒంటరిగా కూర్చున్నవాడు ఎవరైనా కనిపిస్తాడేమో చూడండి. కనిపిస్తే పక్కన కూర్చోండి. ఏమీ అడగనక్కరలేదు. కాసేపు ఆట చూసి, లేచేటప్పుడు "రేపు కూడా రా, స్కోరు రాసేవాడు లేడు" అని మాత్రం అనండి.